ఎవరో కుట్టి వదిలేసిన పాత క్విల్ట్ బ్లాకులతో బొంత పూర్తి చేయడం ఎలా

కాన్సస్ సిటీ దగ్గర ఒక యాంటిక్ మాల్‌లో, తుప్పు పట్టిన టీ డబ్బాలకీ కాలు విరిగిన కుర్చీకీ మధ్య, చెప్పుల అట్టపెట్టె ఒకటి కనిపించింది. మూత తీస్తే లోపల 21 గుడ్డ చదరాలు. గులాబీ రంగు, లేతాకుపచ్చ, గళ్లు, ఆవగింజంత పూలు. అన్నిటినీ దొంతరగా పేర్చి గుడ్డపేలికతో కట్టేశారు. ఎవరో ఒకావిడ బొంత కుడదామని మొదలుపెట్టి, 21 దాకా వచ్చి ఆపేసింది. పెట్టె మొత్తం 40 డాలర్లన్నారు. బేరం ఆడకుండా తెచ్చేసుకున్నాను. ఆ 21 చదరాలు బొంతగా మారేసరికి ఏడాదిన్నర పట్టింది. అందులో నాలుగు నెలలు నా తప్పులు నేను దిద్దుకోవడానికే పోయాయి. మీకు ఆ నాలుగు నెలలు మిగలాలని ఇది రాస్తున్నాను.

ముందు రెండు ముక్కలు. మన అమ్మమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టేసే బొంతకీ, అమెరికా వాళ్ల క్విల్ట్‌కీ తేడా ముఖ్యంగా పైపొరలోనే. ఇక్కడ పైపొరను చిన్న ముక్కలు అతికి చదరాలుగా కుడతారు. ఒక్కో చదరం ఒక బ్లాక్. బ్లాకులన్నీ కలిపితే టాప్. టాప్ కింద దూదిపొర, అంటే బ్యాటింగ్. దాని కింద బ్యాకింగ్ గుడ్డ. మూడూ కదలకుండా పైనుంచి కిందికి కుట్టు వేస్తే అప్పుడది క్విల్ట్. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవాళ్లు. అందుకే బీరువాల్లోంచీ అటకల మీదనుంచీ వందేళ్ల నాటి బ్లాకులు ఇప్పటికీ బయటపడుతుంటాయి.

ఎక్కడ వెతకాలి

యాంటిక్ మాల్స్, చర్చి సేల్స్, ఎస్టేట్ సేల్స్. ఎస్టేట్ సేల్ అంటే పెద్దవాళ్లు పోయాక ఇల్లు మొత్తం ఖాళీ చేస్తూ పెట్టే అమ్మకం. ఇలాంటి చోట నేరుగా కుట్టుమిషన్ ఉన్న గదిలోకి వెళ్లండి. దుప్పట్ల బీరువా అడుగు అర చూడండి. బ్లాకులు తరచూ బిస్కెట్ డబ్బాల్లో, దిండు గలేబుల్లో దొరుకుతాయి. అమ్మేవాళ్లకి అవేమిటో తెలియక "గుడ్డముక్కలు" అని రాసి పెడతారు. అదే మనకి లాభం.

ఆన్‌లైన్‌లో అయితే ఈబే, ఎట్సీలలో మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. "ఆర్ఫన్ బ్లాక్స్" అంటే జతలేని అనాథ బ్లాకులు. "టాప్" అంటే బ్లాకులన్నీ అతికేశారు, ఇంకా క్విల్ట్ కాలేదు. "కట్టర్" అంటే చిరిగిపోయిన పాత క్విల్ట్, ముక్కలు చేసుకోవడానికి తప్ప పనికిరాదు. ఫొటోల్లో వెనకవైపు చూపించకపోతే అడగండి. బ్లాక్ సంగతంతా వెనకవైపే ఉంటుంది.

ఇండియాలో ఉన్నవాళ్లు తెప్పించుకుంటే పోస్టేజీయే బ్లాకుల ధర దాటిపోతుంది. సెలవులకి వచ్చే చుట్టాల సూట్‌కేసు మేలు. పాతిక బ్లాకులు పచ్చడి సీసా అంత బరువు కూడా ఉండవు.

పాతవో కావో ఎలా తెలుస్తుంది

1930ల డిజైన్లను అచ్చుగుద్దినట్టు దింపిన కొత్త గుడ్డలు ఇప్పుడు ఏ క్విల్ట్ షాపులో అయినా దొరుకుతాయి. వాటితో కుట్టి పాతవని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఒక బ్లాక్ తిరగేసి చూడండి. పాతకాలపు బ్లాకుల్లో ఒకే రకం గుడ్డ రెండు మూడు బ్లాకులకి సరిపోయి, నాలుగోదానికి అయిపోయి, చివర ముక్కకి ముక్క అతికి లాక్కొచ్చిన చోట్లు కనబడతాయి. పెన్సిల్ గీతలుంటాయి. చేతికుట్టయితే ఒక్కో చోట దగ్గరగా, ఒక్కో చోట దూరంగా ఉంటుంది.

నా పెట్టెలో కొన్ని ముక్కలు మిగతావాటికన్నా ముతక. ఒకదాని అంచు వెంబడి వరుసగా చిన్న చిల్లులున్నాయి, సూదితో పొడిచినట్టు. అవి సంచి కుట్టు విప్పిన గుర్తులు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పిండి, పంచదార, కోళ్ల దాణా నూలు సంచుల్లో వచ్చేవి. ఆడవాళ్లు ఆ సంచులు విప్పి గౌన్లు, తువ్వాళ్లు, బొంతలు కుట్టుకుంటున్నారని కంపెనీలు గమనించాయి. దాంతో సంచుల మీదే పూలూ గళ్లూ అచ్చేయడం మొదలుపెట్టాయి. 1930ల్లో, 40ల్లో అవి ఊరూరా ఉండేవి. పాత సిమెంటు సంచి ఉతికి గుమ్మానికి కట్టే మన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఇదేం వింత కాదు.

నా బ్లాకుల నమూనా పేరు చర్న్ డ్యాష్. అంటే వెన్న చిలికే కర్ర, మన కవ్వం అన్నమాట. కాకపోతే వాళ్లది తిప్పేది కాదు, కుండలో పైకీ కిందికీ ఆడించేది. నడుమ ఒక చదరం, నాలుగు వైపులా పట్టీలు, మూలల్లో త్రిభుజాలు. ఇదే నమూనాని ఇంకోచోట "మంకీ రెంచ్" అంటారు, మరోచోట "కొట్టం తలుపులో చిల్లు" అంటారు. నమూనా పేరు తెలియకపోతే క్విల్ట్ ఇండెక్స్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో ఫొటోలు చూసి పోల్చుకోండి. మా వైపు కాన్సస్ సిటీ స్టార్ పత్రిక 1928 నుంచి 1961 దాకా క్విల్ట్ నమూనాలు అచ్చేసింది. వాటిని కత్తిరించి దాచుకున్న కాగితాలు కూడా బ్లాకులతోపాటు దొరుకుతుంటాయి, పారేయకండి. కొన్ని బ్లాకుల వెనక దినపత్రిక ముక్కలు కుట్టి ఉంటాయి. చింపే ముందు తేదీ కోసం చూడండి. బ్లాక్ ఆ తేదీకన్నా పాతది కాదని ఖాయంగా తెలుస్తుంది.

ముట్టుకోకూడనివీ కొన్ని ఉన్నాయి. బ్లాకుల మీద పేర్లూ ఊళ్లూ సంతకాల్లా కుట్టి ఉంటే ముందు ఆ కౌంటీ (మన జిల్లాలాంటిది) చరిత్ర సంఘానికి ఒక ఫొటో పంపండి. ఆ కుటుంబం వాళ్లు ఇంకా ఆ ఊళ్లోనే ఉండొచ్చు. 1890కి ముందువని అనుమానం వస్తే అలాగే ఉంచి, తెలిసినవాళ్లకి చూపించండి. నెబ్రాస్కాలోని లింకన్‌లో ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం, కెంటకీలోని పడూకాలో నేషనల్ క్విల్ట్ మ్యూజియం ఉన్నాయి. దారిలో పడితే అవి చూసి వస్తే కంటికి అలవాటు అవుతుంది. 1930ల తర్వాతి బ్లాకులయితే మొహమాటపడకుండా కుట్టేయండి. పెట్టెలో పడి ఉండి అవి బాగుపడేదేం లేదు.

ఇంట్లోకి తెచ్చే ముందు

పెట్టెని నేరుగా మంచం మీద పెట్టకండి. బ్లాకులు ప్లాస్టిక్ కవర్లో వేసి, గాలి తీసి, మూతి బిగించి డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. పురుగూ పుట్రా ఉంటే పోతాయి. తీశాక కవర్ వెంటనే విప్పకండి. లోపలి చల్లదనం గది వేడికి వచ్చేదాకా అలాగే ఉంచితే గుడ్డ మీద చెమ్మ పట్టదు.

తర్వాత ఒక్కోటీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడాలి. చిల్లులు, పలచబడ్డ చోట్లు కనబడతాయి. ముదురు గోధుమ రంగు, నలుపు ముక్కలు ప్రత్యేకంగా చూడండి. పాత అద్దకాల్లో ఆ రంగులకి ఇనుము వాడేవాళ్లు. ఆ ఇనుము కాలక్రమంలో నూలుని తినేస్తుంది. పక్కన గులాబీ రంగు ముక్క కొత్తదానిలా ఉంటే, గోధుమ రంగు ముక్క గోటితో గీకితే పొడిగా రాలుతుంది. పట్టు ముక్కలదీ ఇదే కథ. బరువు రావడానికని పట్టుకి లోహపు ఉప్పులు పట్టించేవాళ్లు. అది మడత వెంబడి చీలికలై పోతుంది. అలాంటిది కనబడితే ఉతికే మాటే ఎత్తకండి.

గుడ్డ నూలో కాదో అనుమానమైతే అంచునుంచి రెండు పోగులు లాగి సింకు మీద కాల్చండి. నూలు కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. ముద్ద కట్టిందంటే ఆ బ్లాక్ 1930ల నాటిది కాదు, ఎవరెంత చెప్పినా.

ఉతకడం

నా నాలుగు నెలల్లో రెండు ఇక్కడే పోయాయి. ఎరుపు పట్టీలున్న బ్లాక్‌ని మిగతావాటితో కలిపి గోరువెచ్చని నీళ్లలో వేశాను. పావుగంట తర్వాత చూస్తే బేసినంతా కుంకుమ నీళ్లు. పక్కనున్న మూడు బ్లాకుల తెల్ల ముక్కలు గులాబీ రంగయ్యాయి. టర్కీ రెడ్ అనే పాత ఎరుపు గట్టిది, దిగదు. తర్వాత వచ్చిన చౌక ఎరుపులు అలా కాదు. చూడ్డానికి రెండూ ఒకటే.

కాబట్టి ముందు తెల్ల గుడ్డ తడిపి, ప్రతి రంగు మీదా అర నిమిషం ఒత్తి పట్టుకోండి. రంగు అంటితే ఆ బ్లాక్ ఉతకొద్దు. దులిపి, గాలికి ఆరబెడితే చాలు. అంటకపోతే చల్లని నీళ్లలో, మెత్తని ద్రవ సబ్బు కొద్దిగా వేసి, ఒక్కో బ్లాక్‌నీ దోమతెర ముక్క మీద పరిచి నీళ్లలోకి దించండి. పిండకండి, రుద్దకండి. తెరతోసహా ఎత్తి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చండి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే అంచులు పోగులుపోగులుగా విడిపోయి, పావు అంగుళం అతుకు ఉన్న చోట సున్నా మిగులుతుంది. వయసు మరకలు పోవాలంటే క్లోరిన్ లేని ఆక్సిజన్ బ్లీచ్ వాడొచ్చు, క్లోరిన్‌ది మాత్రం వద్దు. కొన్ని మరకలు పోవు, పోకపోతే మానె. తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టండి.

ఆరాక గంజి పెట్టాలి. మన మామూలు గంజే, కాస్త పలచగా. క్రాస్‌గా కత్తిరించిన అంచు ముట్టుకుంటే సాగిపోతుంది. గంజి పెడితే కాగితంలా నిలబడుతుంది. ఇస్త్రీ పెట్టె అటూ ఇటూ లాగకుండా ఎత్తి ఎత్తి అద్దండి.

కొలతలు: అసలు తలనొప్పి ఇదే

21 బ్లాకులూ టేప్ పెట్టి కొలిచి, ఒక్కోదాని మీదా కాగితం ముక్క గుచ్చాను. ఆవిడ అనుకున్న కొలత పదిన్నర అంగుళాలై ఉండాలి. వచ్చినవి మాత్రం 10 నుంచి 10⅝ దాకా. ఒక్కటి 9 అంగుళాలే ఉంది. అది బహుశా మొట్టమొదట కుట్టినది.

ఇక్కడ అందరూ చేసే తప్పు, అన్నిటినీ చిన్నదాని కొలతకి కత్తిరించేయడం. రెండు నష్టాలున్నాయి. ఒకటి, మూల త్రిభుజాల ముక్కులు తెగిపోతాయి. రెండోది నాకు కత్తిరించాకే తెలిసింది: చేతికుట్టు బ్లాకుల్లో ముడి అంచు దగ్గరే ఉంటుంది. అంచు కోశామంటే ముడి పోతుంది, కుట్టు జారిపోతుంది. ఒక బ్లాక్ చేతిలోనే రెండు ముక్కలైంది. అందుకని ముందు ప్రతి బ్లాక్ చుట్టూ అంచుకి ⅛ అంగుళం లోపలగా మిషన్ మీద ఒక కుట్టు వేసేయండి. సన్నని సూది, నూలు దారం, చిన్న కుట్టు. అతుకులు విడిపోయిన చోట పాత కుట్టు మీదే మళ్లీ చేత్తో కుట్టండి. పొడిగా రాలే ముక్కని విప్పి తీయకండి. దాని మీదే అదే ఆకారంలో ఇంకో పాత గుడ్డముక్క పెట్టి అంచులు మడిచి కుట్టేయండి. కిందది అలాగే ఉంటుంది.

కొలతల తేడా పోగొట్టడానికి మంచి ఉపాయం చట్రం కట్టడం. ప్రతి బ్లాక్ చుట్టూ 2 అంగుళాల వెడల్పు పట్టీలు కుట్టి, ఆ తర్వాత అన్నిటినీ పన్నెండున్నర అంగుళాల చదరంగా కోయాలి. 10 అంగుళాల బ్లాక్‌కి పట్టీ కుట్టాక 13 వస్తుంది, 10⅝ దానికి 13⅝ వస్తుంది. రెండిట్లోంచీ పన్నెండున్నర తీసుకోవచ్చు. చిన్న బ్లాక్ చుట్టూ చట్రం అంగుళం పావు కనబడుతుంది, పెద్దదాని చుట్టూ అంగుళానికి కాస్త తక్కువ. క్విల్ట్ పరిచాక ఆ తేడా ఎవరికీ కనబడదు. కోసేటప్పుడు బ్లాక్ నడిమధ్య స్కేలు నడిమధ్యకి వచ్చేలా చూసుకోండి. కత్తెర కాదు, రోటరీ కట్టరే వాడండి, అంటే చక్రంలాంటి బ్లేడున్న కత్తి. 9 అంగుళాలదానికి ఈ ఉపాయం పారదు, 12 దగ్గరే ఆగిపోతుంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

చట్రానికి ఏ గుడ్డ? పాలలాంటి తెలుపు కొనకండి. దాని పక్కన పాత గుడ్డ మురికిగా కనిపిస్తుంది. బ్లీచ్ చేయని మస్లిన్, మన గాడా గుడ్డ రంగులో ఉండేది, పక్కాగా కలుస్తుంది. కొత్త పూల గుడ్డలూ వద్దు. అవి పాతవాటితో పోటీ పడతాయి. నేను చట్రానికి మస్లిన్ 2 గజాలు, బ్లాకుల మధ్య పట్టీలకి 1930ల నాటి రంగును పోలిన లేతాకుపచ్చ సాదా గుడ్డ తీసుకున్నాను. కొన్న గుడ్డ ముందు ఉతికి కుంచింపజేయండి.

అమరిక

20 బ్లాకులు, అడ్డంగా 4, నిలువుగా 5. కుట్టేశాక ఒక్కో బ్లాక్ 12 అంగుళాలు. మధ్యలో, చుట్టూరా 2 అంగుళాల పట్టీలు. వీటిని సాషింగ్ అంటారు. పట్టీలు కలిసే చోట చిన్న చదరాలు. లెక్క వేస్తే వెడల్పు 48కి 10 కలిపి 58, పొడవు 60కి 12 కలిపి 72 అంగుళాలు. చుట్టూ 5 అంగుళాల బోర్డర్ వేస్తే 68 × 82. ఒక మనిషి మంచానికి బాగా సరిపోతుంది.

పట్టీలు 49 కావాలి, ఒక్కోటి రెండున్నర × పన్నెండున్నర. గుడ్డ వెడల్పు 42 అంగుళాలనుకుంటే, ఆ వెడల్పంతా పన్నెండున్నర అంగుళాల పొడవున కోసిన ముక్క ఒకదాంట్లో 16 పట్టీలు వస్తాయి. అలాంటి మూడు ముక్కలకి 48. అవును, ఒక్కటంటే ఒక్కటి తక్కువ. దుకాణంలో లెక్కేసుకోకుండా కచ్చితంగా కొంటే ఆ ఒక్క పట్టీ కోసం మళ్లీ వెళ్లాలి, వెళితే ఆ రంగు అయిపోయి ఉంటుంది. గజం పావు కొనండి, ఆఖరిది మిగిలిన ఏడున్నర అంగుళాల ముక్కలోంచి వచ్చేస్తుంది. మూల చదరాలు 30, వాటికి పావు గజం చాలు.

నేల మీద పరిచి, ఫోన్‌లో ఫొటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ముదురువన్నీ ఒకే మూల పోగుపడితే వెంటనే తెలిసిపోతుంది. రెండు రోజులు అలాగే ఉంచి, నడుస్తూ పోతూ సర్దండి. ఇంట్లో పిల్లలున్నా పిల్లులున్నా వెంటనే పిన్నీసులతో దుప్పటికి గుచ్చేయడం మంచిది.

వరుసలు వరుసలుగా పావు అంగుళం అతుకుతో కుట్టండి. బోర్డర్ కొలిచేటప్పుడు టాప్ అంచు కొలవకండి, అంచు సాగి ఉంటుంది. నడిమధ్యన కొలిచి, ఆ కొలతకే బోర్డర్ కోసి, టాప్‌ని దానికి సర్దండి. లేకపోతే అంచులు అప్పడంలా అలలు తేలతాయి.

మూడు పొరలు

బ్యాకింగ్ నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువుండాలి. మన కొలతకి 76 × 90. 108 అంగుళాల పన్నా గుడ్డ దొరికితే రెండుంపావు గజాలు, అతుకు బాధ లేదు. దూదిపొర పలచని నూలుదే తీసుకోండి. ఉబ్బుగా ఉండే పాలిస్టర్ పొర పాత గుడ్డని లాగేస్తుంది.

నేల మీద బ్యాకింగ్ తిరగేసి పరిచి, అంచులు టేప్‌తో అంటించండి. ముడతలు పోవాలి గానీ బిర్రుగా లాగకూడదు. దాని మీద దూదిపొర, ఆపై టాప్. నడుమనుంచి అంచులకి పిన్నీసులు గుచ్చుకుంటూ రండి, అరచేతి దూరానికి ఒకటి. బలహీనంగా ఉన్న బ్లాకుల్లో పిన్నీసు వద్దు, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి.

ఆపై కుట్టు. మీకు ఓపిక ఉంటే చేత్తో. మన బొంతకి వేసే రన్నింగ్ స్టిచ్చే ఇక్కడా, కాకపోతే చిన్నది. నాకు అంత ఓపిక లేదు. మిషన్‌కి వాకింగ్ ఫుట్ (పొరలన్నిటినీ సమంగా నడిపించే పాదం) బిగించి, రెండేసి అంగుళాల దూరంలో సూటిగా గీతలు కుట్టుకుంటూ పోయాను. ఇంతకన్నా దూరంగా వేస్తే పాత ముక్కల మీద బరువు పడుతుంది, మరీ దగ్గరగా వేస్తే సూది చిల్లులకే గుడ్డ జల్లెడవుతుంది. బయట లాంగ్ఆర్మ్ మిషన్‌తో (క్విల్ట్‌ని ఫ్రేముకి బిగించి కుట్టే పెద్ద మిషన్) కుట్టిపెట్టేవాళ్లకి ఇస్తే, పాత గుడ్డ అని ముందే చెప్పండి. నాకు తెలిసిన ఒకావిడ చెప్పలేదు. ఫ్రేముకి బిగించి లాగగానే రెండు బ్లాకులు చర్రున చిరిగాయి.

అంచు కట్టడానికి రెండున్నర అంగుళాల పట్టీలు ఎనిమిది కలిపి కుట్టి, నిలువునా సగానికి మడిచి, ముందువైపు మిషన్‌తో, వెనకవైపు చేత్తో. చేతి పని ఇక్కడ మాత్రం మానకండి.

వాడకంలో ఉతకాల్సి వస్తే చల్లనీళ్లు, బాత్‌టబ్. దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచీ వద్దు, చెక్క అరకి నేరుగా తగలనివ్వద్దు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర ఒకటి చుట్టి పెట్టండి. ఆరు నెలలకోసారి మడత మార్చండి.

ఇక మిగిలిన ఆ తొమ్మిది అంగుళాల బ్లాక్. దాన్ని విడిగా అంచులు మడిచి, క్విల్ట్ వెనకవైపు కింది మూలన చేత్తో కుట్టేశాను. దాని పక్కన మస్లిన్ ముక్క మీద చెరగని సిరాతో ఇలా రాశాను: "చర్న్ డ్యాష్. 21 బ్లాకులు, 1930ల ప్రాంతం, కుట్టిన మనిషి పేరు తెలియదు, కాన్సస్ సిటీ దగ్గర దొరికాయి. పూర్తి చేసింది 2023లో." కింద తెలుగులో నా పేరు, ఇంగ్లీషులో నా పేరు. మీరు ఏం కుట్టినా ఈ చీటీ మాత్రం కుట్టండి. ఇంకో యాభై ఏళ్లకి ఇది కూడా ఏదో ఎస్టేట్ సేల్‌లో బల్ల మీదికి వస్తుంది, కొనేవాళ్లు ముందు తిరగేసి చూసేది వెనకవైపే.